ప్రతి స్టాపులోనూ దిగినావిడ

మొన్న ఆదివారం పొద్దున్న ఆరూ పదికి రాజమండ్రి కాంప్లెక్సులో కదలాల్సిన మా బస్సు ఇంకా ఆగే ఉంటే, ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకతె పరిగెత్తుకుంటూ వచ్చి, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, లోపలికి ఎక్కకుండా అక్కడే నిలబడి అడిగింది.

"అబద్ధాల కండక్టరు గారంటే మీరేనాండి?"

వెనక సీట్లలో నవ్వులు. మా డ్రైవరు స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "ఈ రూట్లో ఆ పోస్టు ఒక్కటేనమ్మా. ఆయనే," అన్నాడు.

"ఆయ్, నేనేనండి," అన్నాను.

"మా పెద్దమ్మ బుధవారం తెల్లవారుజామున పోయిందండి. నిద్రలోనే. ఇవాళ మీరు ఎదురు చూస్తారని చెప్పి వెళదామని వచ్చాను."

ఏ పెద్దమ్మ అని నేను అడగలేదు. టైము దాటుతున్నా రైట్ చెప్పకుండా నేను గేటు వైపు చూస్తూ ఉన్నది ఆవిడ కోసమే.

"బొమ్మల పుస్తకంలో ముప్పై మూడు పేజీలు అయిపోయాయండి," అంది ఆ అమ్మాయి. "ముప్పై నాలుగో పేజీ పైన జొన్నాడ అని పేరు రాసి పెట్టుకుంది. కింద ఖాళీ. దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. మీకు తెలుస్తుందేమోనని."

నాకూ తెలియలేదు. ఆ అమ్మాయి దిగి నిలబడింది. బస్సు కదిలింది. ఆ ట్రిప్పులో నేను టిక్కెట్లు కొట్టాను తప్ప నోరు తెరవలేదు. రావులపాలెం దాటాక డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "ఏం గురూ, ఒక్క అబద్ధమూ లేదు, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడ ఏ బొమ్మ కిందా సంతకం చేయలేదు. స్టాపు పేరు రాసి, ఆడవాళ్ళకి ఛార్జీ లేదు కాబట్టి నేను ఇచ్చిన సున్నా టిక్కెట్టు పక్కన అంటించేవారు. "నేను దిగానని ఇది సాక్ష్యం. గీసింది ఎవరైతేనేం?" అనేవారు. కాబట్టి ఆవిడ ఆవిడే.

నా అబద్ధాల సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. రాజమండ్రి నుంచి అమలాపురం దాకా ఆర్డినరీ బస్సులో కూర్చోవడం అంటే కొబ్బరి చెట్లు, కొబ్బరి చెట్లు, మళ్ళీ కొబ్బరి చెట్లు. జనం నిద్రపోతారు, నిద్రలో స్టాపు దాటిపోతారు, దాటిపోయి నామీద అరుస్తారు. వాళ్ళని మెలకువగా ఉంచడానికి మొదలుపెట్టిన అలవాటు ఇది. వరదల ఏడు రావులపాలెం రోడ్డు మునిగితే మా బస్సు కొత్తపేట దాకా తేలుకుంటూ వెళ్ళిందనీ, దారిలో ఒక పులస చేప ఎక్కితే, పాపం సముద్రం నుంచి ఎదురీది వచ్చిందని సీటిచ్చాననీ చెప్పేవాణ్ణి. అంబాజీపేటలో ఒక కాయ రాలి మా బస్సు టాపు మీద పడి, బంతిలా ఎగిరి, మళ్ళీ అదే గెలకి అతుక్కుందనీ, ఆ చెట్టు ఇప్పటికీ మా బస్సు హారన్ వింటే వణుకుతుందనీ చెప్పేవాణ్ణి. ఎవరికీ నష్టం లేని అబద్ధాలు. అలా అనుకునేవాణ్ణి.

పోయిన ఏడు వానలు తగ్గుతుండగా, ఒక ఆదివారం మూడో వరసలో కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. అరవై దాటి ఉంటాయి. నేత చీర, భుజాన గుడ్డ సంచి, సంచిలోంచి పొడుచుకొచ్చిన మడతపీట, ఒక నల్ల గొడుగు. నేను పులస కథ మధ్యలో ఉన్నాను. ఆవిడ మొహం అటు తిప్పుకుని, కంటి చివరి నుంచి నన్ను చూశారు. కోడి గింజని చూసినట్టు. నాకు కొంచెం కోపం వచ్చింది. నమ్మకపోతే నమ్మకపోవచ్చు, అంత వంకరగా చూడాలా?

"నిజమేనండి మేడం గారూ, ఆ చేప ఇప్పుడు కనిపించినా నాకు నమస్కారం పెడుతుంది," అన్నాను.

"నమ్మాను. ఏ సీటు ఇచ్చారు దానికి?"

"మీరు కూర్చున్నదేనండి. కిటికీ పక్కది."

"చేపకి కిటికీ పక్క సీటు ఇస్తారా ఎవరైనా? నీళ్ళు కనిపిస్తే దూకెయ్యదూ?"

బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరైతే బ్రేకు మీద కాలేసి మరీ నవ్వాడు. నా సర్వీసులో నా అబద్ధంలో తప్పు పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. దాన్ని సరిదిద్దినావిడ ఈవిడ ఒక్కరే.

ఆ రోజు అమలాపురం బస్టాండులో దిగి, బెంచీల పక్కన మడతపీట వేసుకుని, మధ్యాహ్నం దాకా బస్టాండు గీశారు. తిరుగు ట్రిప్పులో నా బస్సే ఎక్కారు. బొమ్మ చూపించారు. నాకు బొమ్మలు తెలియవు. కానీ అందులో మూత్రశాల ముందు నీళ్ళ మడుగు కూడా ఉంది.

"అంత దూరం వచ్చి ఇదేంటండి మేడం గారూ?" అన్నాను. "గోదారి గట్టున బ్రహ్మాండమైన చోటు చూపిస్తానుండండి. పట్నం నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడే ఫొటోలు తీసుకుంటారు."

"అందుకే వద్దు."

తర్వాత తర్వాత తెలిసింది. ఆవిడ హైదరాబాదులో ఒక స్కూల్లో డ్రాయింగు టీచరుగా పనిచేశారు. ముప్పై ఏళ్ళ పాటు ఆదివారం ఆదివారం సిటీ బస్సెక్కి, అది ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగి, ఊరి చివర రాళ్ళో చెరువో ఇటుకబట్టీయో ఏది ఉంటే అది గీసుకుని, చీకటి పడకుండా వెనక్కి వచ్చేవారట. ఆవిడ వెనకాల ఇంకో పది మంది చేరారట. ఒక దర్జీ, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన నర్సు ఒకామె. అందరికీ ఒకటే షరతు, బస్సులోనే రావాలి.

"కారులో వస్తే మనకి నచ్చిన చోట ఆపుకుంటాం," అనేవారు. "బస్సు దానికి నచ్చిన చోట ఆపుతుంది. అక్కడ ఏముంటే అదే మన భాగ్యం."

రాజమండ్రిలో చెల్లెలి కూతురి దగ్గరికి వచ్చి చేరాక, జొన్నాడ నుంచి అమలాపురం దాకా మా రూట్లో స్టాపులు ఎన్నో నన్ను అడిగి తెలుసుకున్నారు. ముప్పై నాలుగు. దూరం నుంచి దగ్గరికి, అమలాపురం నుంచి వెనక్కి, వారానికొకటి. అన్నీ గీయాలి, ఏదీ వదలకూడదు.

"ఎందుకండి అంత తొందర? వారం వారం ఎండలో?" అని అడిగాను ఒకసారి.

ఆవిడ అలవాటుగా తల పక్కకి తిప్పి నన్ను చూశారు. "నా కంటి మధ్యలో మచ్చ వచ్చింది కండక్టరు గారూ. రెండు కళ్ళకీ. సూటిగా చూస్తే మీకు మొహం లేదు, చెవులున్నాయి. ఇలా పక్కకి తిరిగితే మొహం వస్తుంది, పొగమంచులో ఉన్నట్టు. ఆ మచ్చ పెరుగుతుంది. ఏడాది అన్నారు డాక్టరు గారు. ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు."

నేను టిక్కెట్టు మిషను సర్దుకున్నాను. ఆవిడే అన్నారు. "మీ చెవులు మాత్రం నాకు బాగా తెలుసు. ఎడమది కొంచెం పెద్దది."

అప్పటిదాకా ఆ వంకర చూపుని నేను అపార్థం చేసుకున్నాను. ఆవిడ ఎవరినైనా శ్రద్ధగా చూడాలనుకున్నప్పుడే మొహం తిప్పుకునేవారు.

ఆవిడకి మా కోనసీమతో వచ్చిన పేచీ ఒకటే. ఆయ్.

అంబాజీపేట దగ్గర ఒక స్టాపులో, తూము మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న ముసలాయన్ని ఆవిడ అడిగారట. "మిమ్మల్ని గీస్తాను. కాసేపు కదలకుండా కూర్చుంటారా?"

"ఆయ్," అన్నాడట ఆయన, ఎంతో మర్యాదగా.

ఆవిడ పీట వేసుకుని, పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కుకుని తలెత్తేసరికి ఆయన సైకిలెక్కి అర ఫర్లాంగు వెళ్ళిపోయాడు. ఇంకో స్టాపులో గడ్డిమోపు మనిషి అంతే. కొబ్బరికాయలు ఒలిచే ఆయనా అంతే. నాలుగో వారం తిరుగు ట్రిప్పులో ఎక్కుతూనే నన్ను నిలదీశారు.

"మీ వాళ్ళు సరే అని చెప్పి వెళ్ళిపోతారేంటండీ?"

"సరే అని ఎవరన్నారండి?"

"ఆయ్ అన్నారు."

బస్సులో ఉన్నవాళ్ళంతా ఆవిడ వైపు జాలిగా చూశారు. నేను పక్క సీట్లో కూర్చుని చెప్పాను. "ఆయ్ అంటే ఔనని కాదండి మేడం గారూ. మీ మాట నా చెవిన పడిందని. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊరుకోకూడదు కదండి, అందుకని అంటాం. ఔను అవ్వచ్చు, కాకపోవచ్చు, అది వేరే సంగతి."

"మరి ఔను అని ఎప్పుడు తెలుస్తుంది?"

"తల కూడా ఆడిస్తేనండి. పొట్టిగా తెంపేస్తే విన్నానని. సాగదీస్తే చూద్దాంలెండని. రెండుసార్లు గబగబా ఆయ్ ఆయ్ అంటే ఇంక చాలు ఆపండని."

ఆవిడ పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంటున్నారు. "మొత్తం ఎన్ని?"

"పదిహేడు రకాలండి."

తల పక్కకి తిరిగింది.

"నాలుగండి," అన్నాను.

ఆ తర్వాత ఎవరు ఆయ్ అన్నా ఆవిడ వదిలేవారు కాదు. "ఏ ఆయ్ అది?" అని అడిగేవారు. అడిగించుకున్నవాళ్ళు తెల్లమొహం వేసేవారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు మరి.

ఇంకో సంగతి. మా రూట్లో సగం స్టాపుల పేర్లలో ఉన్నవి స్టాపుల్లో ఉండవు. సినిమా హాలు అని ఒక స్టాపుంది. ఆవిడ దిగి, హాలు కోసం అరగంట వెతికి, తిరిగి ఎక్కినప్పుడు అడిగారు.

"హాలు ఎక్కడుంది?"

"అది పడగొట్టేసి చాలా కాలమైందండి."

"మరి సినిమా హాలని ఎందుకు అరుస్తారు?"

"హాలు పడగొట్టేరు గానీ పేరు పడగొట్టలేదండి."

ఆవిడ నవ్వారు. చాలాసేపు నవ్వారు. కానీ ఆ రోజు బొమ్మలో ఉన్నది పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీ స్థలం, దాని మూల ఆరేసిన దుప్పటి. హాలు లేదు. నా మాటలు ఆవిడ వినేవారు, ఆనందించేవారు, ఒక్కసారి కూడా పుస్తకంలోకి రానివ్వలేదు.

పలివెల దగ్గరికి వచ్చేసరికి పాతిక దాటాయి. చలికాలం వెళ్ళిపోయింది. ఆ ఆదివారం తిరుగు ట్రిప్పులో ఎక్కి, పుస్తకం నా చేతిలో పెట్టారు. చుట్టూ అన్నీ ఉన్నాయి. పైన కరెంటు తీగలు, పక్కన పెంకుటింటి చూరు, కింద రోడ్డు అంచున కంకర. మధ్యలో పళ్ళెమంత తెల్లటి కాయితం.

"మధ్యలో ఏదో ఉంది. ఏమిటో నాకు తెలియలేదు. తెలియనిది గీయను."

నేను పుస్తకం తిరిగి ఇచ్చాను. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. జొన్నాడ వంతెన మీద ఉండగా అన్నారు.

"అంచులు నేను చూసుకుంటాను. మధ్యలో ఏముందో మీరు చెబుతారా?"

"నేనాండి?"

"ఇంకెవరు? ఇరవై ఏళ్ళుగా ఈ దారిలో తిరుగుతున్నారు. కానీ ఒక్క మాట. అబద్ధం చెప్పకూడదు."

"ఆయ్," అన్నాను.

"ఏ ఆయ్ అది?"

తలాడించాను. ఆవిడకి కనబడేలా, పక్క నుంచి వెళ్ళి నిలబడి మరీ తలాడించాను.

వీక్లీ ఆఫ్ ఆదివారానికి మార్పించుకున్నాను. ఇంట్లో మా ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇన్నేళ్ళలో నన్ను ఒక్క ఆదివారం ఎక్కడికైనా తీసుకెళ్ళేరాండీ?"

"నువ్వు బొమ్మలు గీయవుగా."

"రోజూ గీస్తాను, గుమ్మం ముందు ముగ్గుపిండితో. దాన్ని తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్ళేది మీరే." అని, రెండు టిఫిను డబ్బాలు కట్టిచ్చింది. ఒకటి మేడం గారికి.

ఆవిడ రాజమండ్రి నుంచి వచ్చేవారు, నేను అమలాపురం నుంచి ఎదురు వెళ్ళేవాణ్ణి. ముందు పలివెల పేజీ పూర్తి చేశాం. మధ్యలో ఉన్నది టైర్లు లేని ట్రాక్టరు ట్రక్కు. దాంట్లో మేక.

ఆవిడకి కళ్ళుగా ఉండటం తేలిక కాదు. "చెట్టుంది" అంటే ఊరుకునేవారు కాదు. ఎంత ఎత్తు, షెల్టరుకి రెండింతలా మూడింతలా, ఎటు వంగింది, నీడ రోడ్డు మీద పడిందా కాలవలో పడిందా అని అడిగేవారు. నేను మళ్ళీ చూడాల్సి వచ్చేది. స్టాపుల పేర్లు నాకు నిద్రలో కూడా వస్తాయి. ఆ స్టాపుల్లో ఏముందో మాత్రం నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. కళ్ళుండి కూడా ఇన్నేళ్ళూ నేను టిక్కెట్లూ మొహాలే చూశాను.

అంత నేర్చుకుని కూడా చేసిన పని ఇప్పుడు చెబుతాను.

ఒక స్టాపులో మధ్యలో చెత్త పోగుంది. ప్లాస్టిక్ కవర్లు, చచ్చిన కోడి ఈకలు. నేను అరటి పిలకలు అని చెప్పాను. ఎంత ఎత్తు అంటే చెప్పాను. నీడ అంటే చెప్పాను. ఆవిడ అరటి పిలకలు గీశారు. ఇంకో స్టాపులో షెల్టరు గోడ నిండా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. చచ్చిపోయిన మనిషి మొహం తలుపంత పెద్దది. అసలే ఒంట్లో బాగోని మనిషికి అది ఎందుకు చెప్పాలి అనుకుని, తెల్ల సున్నం గోడ, మీద పాత సబ్బు ప్రకటన అని చెప్పాను. గీశారు.

ఆవిడ మీద జాలితోనే చేశాను. ఆవిడ చూసే ఆఖరి వస్తువులు కొంచెం అందంగా ఉండాలనుకున్నాను. అయితే జాలి ఒక్కటే కాదు. నేను నోటితో అన్నది ఆవిడ చేతిలోంచి కాయితం మీదకి వచ్చి నిలబడుతుంటే, ఒళ్ళు తెలియని గర్వం ఒకటి వచ్చింది నాకు. నా అబద్ధాన్ని అంత బాగా ఎవరూ చూడలేదు.

మూడోది కాలవ వంతెన స్టాపు. కాలవలో పడవ వస్తోందని చెప్పాను. కొబ్బరికాయల లోడు, పైన నిలబడి గెడ వేస్తున్న మనిషి, తలకి ఎర్ర తువ్వాలు. ఆవిడ మొహం వెలిగింది. ఇన్ని స్టాపుల్లో ఇలాంటిది దొరకలేదన్నారు. గంటన్నర గీశారు. పడవ ఇంకా ఉందా అంటే, మనకోసమే కట్టేసేరండి అన్నాను.

అప్పుడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకామె వంతెన దిగి వస్తూ ఆగి, ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది.

"బాగా గీసేరండి. కానీ పడవెక్కడిదండి?"

ఆవిడ చెయ్యి ఆగింది.

"నేను పెళ్ళై ఈ ఊరొచ్చేక ఈ కాలవలోకి పడవొచ్చింది లేదండి," అంది గడ్డిమోపు ఆమె. "గుర్రపుడెక్క కదండి ఉన్నది."

ఆవిడ నా వైపు తిరగలేదు. ఆమెనే అడిగారు. "గుర్రపుడెక్క ఎలా ఉంటుందమ్మా?"

"ఆకులు పచ్చగా దొన్నెల్లా ఉంటాయండి. పైన ఊదా పూలు."

"ఇప్పుడు పూలున్నాయా?"

"ఆయ్, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకానండి. నీళ్ళే కనపడవు." తల కదిలితే మోపు కదులుతుంది కాబట్టి ఆమె చేత్తో చూపించింది. చూపించి, మా ఇద్దరి మొహాలూ చూసి, ఇంక ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ పెన్సిలు సంచిలో పెట్టుకున్నారు.

"గట్టు నుంచి గట్టుకి పూలుంటే, పడవ ఎందుకు చెప్పారు?"

ఏ నిమిషానికైనా ఏదో ఒకటి అల్లగల మనిషిని. అల్లలేకపోయాను.

"ఇదొక్కటేనా?"

"ఆయ్."

"ఏ ఆయ్ అది?"

"మూడండి," అన్నాను. ఏ ఏ స్టాపులో చెప్పాను. అరటి పిలకలు, సబ్బు ప్రకటన, పడవ.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ, ఒక్కో పేజీ మీద అరచెయ్యి వేసి తడుముతూ అన్నారు. "అందమైనవి కావాలంటే నేను ఇంట్లో కూర్చుని గీసుకోగలను కండక్టరు గారూ. వాటికి కళ్ళు అక్కర్లేదు. ఇంత దూరం బస్సెక్కి వచ్చింది ఇక్కడ ఉన్నదాని కోసం. మీరు ఇన్నాళ్ళూ నోటితో అబద్ధం చెప్పారు, నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు నా చేత చెప్పించారు."

ఆ మూడు పేజీలూ తీసేసి మళ్ళీ గీస్తానన్నారు. నేను బతిమాలాను. ఎండలు ముదిరిపోయాయి, మచ్చ పెరుగుతోంది, ముందు మిగిలినవి పూర్తి చేసి ఇవి తర్వాత చూద్దాం అన్నాను.

"మీ బస్సు ఒక స్టాపు వదిలేసి ముందుకి దూకుతుందా?"

మూడు ఆదివారాలు. నా మూలంగా పోయిన మూడు ఆదివారాలు. చెత్త పోగు దగ్గర ముక్కుకి కొంగు కట్టుకుని కూర్చుని, ఈకలు ఏ రంగువో అడిగి గీశారు. రెండో వారం ఫ్లెక్సీ అక్కడే ఉంది, ఎండకి వెలిసిపోయింది. అందులో మనిషికి ఎన్నేళ్ళుంటాయి, మీసం ఉందా, నవ్వుతున్నాడా అని అడిగారు. నవ్వుతున్నాడు. జేబులో పెన్నుంది. ఏ పెళ్ళిలోనో తీసిన ఫొటో. చెప్పాను.

గీసి, పుస్తకం మూసి, "ఈయన ఇక్కడ ఉన్నాడు. మీరు తీసేశారు," అన్నారు.

ఆ మాట ఆవిడ మామూలుగానే అన్నారు.

మూడో వారం కాలవ వంతెన. ఊదా పూలు. ఆ పేజీ నేను చూశాను. పడవ ఉన్న పేజీ కంటే అది ఎంత బాగుందో నాకు బొమ్మలు తెలియకపోయినా తెలిసింది.

ఆ తర్వాత రావులపాలెం దాకా మిగిలినవి ఒక్కొక్కటే అయ్యాయి. అప్పటికి అంచులు కూడా కరుగుతున్నాయి ఆవిడకి. కాయితం మీద ఎడమ వేలు ఆనించి, అక్కడి నుంచి కొలుచుకుంటూ గీసేవారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. ఆవిడ నన్ను నమ్మారో లేదో తెలియదు. ఎప్పుడైనా దారిన పోయేవాళ్ళని పిలిచి, "ఇక్కడ నిజంగా పంపు ఉందా అండీ?" అని అడిగేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. అడిగే హక్కు ఆవిడకుంది.

ముప్పై మూడు అయిపోయాయి. జొన్నాడ ఒక్కటీ మిగిలింది. వచ్చే ఆదివారానికి డిపోలో మనిషి తక్కువై నా ఆఫ్ ముందుగానే రద్దు చేశారు. మంగళవారం సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను.

"పర్వాలేదు. మీ బస్సే ఎక్కుతాను," అన్నారు. "జొన్నాడలో నాలుగు నిమిషాలు ఆపగలరా? ఆ నాలుగు నిమిషాల్లో మీరు చూసి చెప్పండి. నేను దిగి కూర్చుని గీసుకుంటాను."

"జనం అరుస్తారండి."

"వాళ్ళకి ఆ చేప సంగతి చెప్పమనండి డ్రైవరు గారిని."

ఇద్దరం నవ్వాం. ఆపుతానన్నాను. ఏ ఆయ్ అని ఆవిడ అడగలేదు.

ఆ తెల్లవారే బుధవారం.

ఆ మూడు ఆదివారాలూ నేను తినేయకపోతే జొన్నాడ ఎప్పుడో అయిపోయేది. ముప్పై నాలుగూ పూర్తయ్యేవి. ఈ లెక్కలో నేను ఎటు తిప్పి అల్లినా వేరే ముగింపు రావడం లేదు. చాలా రకాలుగా ప్రయత్నించి చూశాను, నా వృత్తి అదే కదా.

ఇవాళ మళ్ళీ ఆదివారం. నాకు ఆఫ్. జొన్నాడ సెంటర్లో దిగాను. నాకు గీయడం రాదు. కాయితం మీద రాశాను. అంచులు ఎలా చూడాలో నాకు తెలియదు, అది ఆవిడ పని. మధ్యలో ఉన్నవి మాత్రం రాశాను. రాజమండ్రి వెళ్ళి ఆ అమ్మాయికి ఇస్తాను. ఆ పేజీలో అంటించుకుంటుందో, చింపేస్తుందో ఆమె ఇష్టం. రాసింది ఇది.

జొన్నాడ. పొద్దున్న తొమ్మిదీ పది. సిమెంటు షెల్టరు. లోపల బెంచీకి ఒక కాలు విరిగితే ఇటుకలు పెట్టారు, నాలుగు. బెంచీ మీద ఇద్దరు. ఒకామె ఒళ్ళో మందుల కవరు పెట్టుకుని రోడ్డు చూస్తోంది. ఒకాయన చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. షెల్టరు నీడ పడమటి వైపు పడింది, షెల్టరు ఎంత ఎత్తో నీడ అంత పొడవు. నీడలో కొబ్బరి బొండాల బండి. బండి మనిషి లేడు. బండి చక్రానికి ఆనుకుని ఎర్ర కుక్క. దానికి ఎడమ చెవి సగం లేదు. ఎందుకు లేదో నాకు తెలియదు. హైవే మీద లారీలు. వాటి వెనక వంతెన, వంతెన కింద గోదారి. సగం నీళ్ళు, సగం ఇసుక. ఇసుక తెల్లగా లేదు, బూడిద రంగు. ఇసుక మీద ఎవరూ లేరు. తొమ్మిదీ నలభైకి రాజమండ్రి నుంచి బస్సు వచ్చి ఆగింది. మందుల కవరు ఆమె ఎక్కింది. ఎవరూ దిగలేదు.